కాళ్లలో నుబ్బిన సిరలు – చికిత్సామార్గములు



తెల్లవాఱి కత్తెర చేతబట్టినది మొదలు రాత్రి దుకాణము మూయువఱకు నిలువుకాళ్లమీద నుండుట మన వృత్తిలక్షణము. కుర్చీ వచ్చినవారికే గాని మనకు లేదు. ఈ సభలో పంచెలు మోకాలివఱకు నెత్తిచూచినచో పెక్కు పిక్కలమీద మెలికలు తిరిగిన నీలిపొంగులు కనబడును. "నరము లుబ్బినవి" అని మనవా రూరకుందురు. ఇవి నరములు కావు, సిరలు. వైద్యులు వీనినే వెరికోస్ వీన్స్ అందురు.

కాలి రక్తము పైకెక్కి హృదయమును చేరవలయును. అది క్రిందికి జారకుండ సిరలలో చిన్న కవాటము లున్నవి. నడచునపుడు పిక్కకండరములు పిండుచు దానిని పైకి నెట్టుచుండును. గంటలకొలది కదలక నిలిచినచో ఆ పిండుట యుండదు. కవాటములు చెడినపుడు రక్తము వెనుకకు జారి, ఒత్తిడి పెరిగి, సిర యుబ్బును. వంశలక్షణమును గర్భధారణమును దీనికి తోడ్పడును.

పొంగులవలన భయము తక్కువ, పుండువలన నెక్కువ. మా పెద్దన్నగారికి లోపలి చీలమండకు పైన చర్మము నల్లబడి, దురదపెట్టి, తుదకు పుండయ్యెను. నాలుగేండ్లు పైపూతలు మార్చితిమే గాని, మూలము సిరలో నున్నదని చెప్పినవారు లేరు. మేమును అడిగినవారము కాము. డాప్లర్ స్కాన్ తీయగా తొడసిరలో రక్తము వెనుకకు జారుట కనబడినది. ఆ సిరను మూసి, గట్టిపట్టీ కట్టినపిదప మూడు నెలలలో పుండు మానెను. బ్రిటనులో 450 మందిపై జరిగి 2018లో ప్రకటింపబడిన పరీక్షయు నిట్లే తేల్చినది. కట్లతోపాటు సిరకు సత్వరముగా చికిత్స చేసినవారిలో సగముమందికి 56 దినములలో పుండు మానగా, చికిత్స జాగుచేసినవారిలో సగముమందికి మానుటకు 82 దినములు పట్టినది.

సిరను మూసినచో రక్తమెట్లు పోవునని యడుగుదురు. లోతుసిర లా భారమును వహించును. చెడిన త్రోవనే మూయుదురు. పూర్వము గజ్జవద్ద కోసి, సిరను కట్టి, లాగివేయువారు. ఇప్పటికిని కొందఱ కదియే తగును. ఇప్పుడు సూదిరంధ్రమునుండి సన్నని తీగను చొప్పించి, లేజరు వేడిమితో గాని రేడియో తరంగముల వేడిమితో గాని లోపలనుండియే మూయుదురు. ఆ చోటికి మాత్రము మత్తుమందు చాలును. సాధారణముగా నాడే నడచి యింటికి పోవచ్చును. అది కుదరనిచోట నురుగుమందును సూదితో నెక్కింతురు. ఇంగ్లండులోని నైస్ సంస్థ 2013లో ఈ వరుసనే నిర్ణయించినది: మొదట వేడిమి, పిదప నురుగు, తుదకు శస్త్రము.

బిగుతు మేజోళ్లు బరువును వాపును తగ్గించును. చెడిన కవాటమును బాగుచేయవు. ఉదయము మంచము దిగకమునుపే తొడుగవలయును. మధుమేహముగాని పొగత్రాగు నలవాటుగాని గలవారు ధమనులలో రక్తప్రసారమును పరీక్షింపించుకొనక తొడుగరాదు.

స్పైడర్ వీన్స్ అనబడు, సాలెగూటివలె చర్మమున నల్లుకొను సన్నగీతలు వేఱు. సూదిమందుతో పోగొట్టవచ్చును, ఊరకున్నను సాధారణముగా హానిలేదు. అందముకొఱకు ఋణము చేయుట మాకు సమ్మతము కాదు.

ఒక పిక్క హఠాత్తుగా వాచి నొప్పిపెట్టినచో లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. మర్దనము మన చేతివిద్యయే యైనను అప్పుడు చేయరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలయును. ఉబ్బిన సిర చిట్లి రక్తము చిమ్మినచో నిలిచియుండరాదు. వెంటనే పండుకొని, కాలు గుండెకంటె పైకెత్తి, శుభ్రమైన బట్టతో గట్టిగా నదిమిపట్టి, ఆగినపిదప వైద్యుని చూడవలయును. ఆగనిచో నట్లే యదిమిపట్టి ఆసుపత్రికి చేర్పవలయును.