ఈమెయిలునకు గల తపాలా ముద్రలు



పోస్టుకార్డు చేతికి వచ్చినంతనే, వ్రాత చదువుటకు ముందు తపాలా ముద్రను చూచుట మనకు అలవాటు. ఉత్తరము ఏ యూర, ఏ దినమున బయలుదేరినదో ఆ ముద్రయే చెప్పును. నేడు సెల్‌ఫోనునకు వచ్చు ఈమెయిలునకును అట్టి ముద్రలు గలవు. కాని రంగుల బొమ్మల చాటున నవి మన కంటబడవు. వానిని చూపు సాధనమును గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

దాని పేరు మట్. మైకేల్ ఎల్కిన్స్ అను నాతడు 1995లో దీనిని రచించెను. ఇది బొమ్మలు చూపదు, అక్షరములనే చూపును. పెద్ద కంప్యూటర్ల కొరకు పుట్టినదైనను, ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అను యాపును పెట్టుకొనినచో అందును నడచును. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అక్షరము నొక్కవలెను: ‘ఎం’ నొక్కిన క్రొత్త ఉత్తరము, ‘ఆర్’ నొక్కిన ప్రత్యుత్తరము.

ఉత్తరము తెరచి ‘హెచ్’ నొక్కినచో, దాగియున్న పంక్తులన్నియు బయలుపడును. ఉత్తరము ఏ సర్వర్ల మీదుగా వచ్చెనో అవి తమ పేరును, కాలమును అందు గుర్తించును. క్రొత్త ముద్ర పైని, పాతవి క్రిందను ఉండును. క్రిందివానిని మోసగాడు కల్పింపవచ్చును. మన ఉత్తరమును పుచ్చుకొను సర్వరు వేసిన పై ముద్రను మాత్రము కల్పింపజాలడు. పంపినవారి చోట బ్యాంకు పేరుండుట చాలదు. ఆ పేరు నెవడైనను వ్రాయగలడు.

పెన్షను నిలిచిపోవునని బెదరించి, ఇచ్చట నొక్కుడని చెప్పు ఉత్తరములు కలవు. పైకి బ్యాంకు పేరు, లోపల వేరొక చిరునామా! 1992లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున పుట్టిన లింక్స్ అను సాధనమును మట్‌నకు జతపరచినచో, అసలు చిరునామాలు ఉత్తరము చివర వరుసగా కనబడును. ఒక్క అక్షరము తేడాయున్నను నమ్మరాదు. మనము ఉత్తరము తెరచితిమని పంపినవానికి తెలుపు సూక్ష్మమైన బొమ్మలును ఇందు తెరువబడవు.

లోపములను గూడ చెప్పవలెను. ఈ తెర యక్షరములను సమానమైన గడులలో నిలుపును. ఆంగ్లమున కది చాలును గాని, మన వత్తులును గుణింతములును అందు ఇమడక చెదరును. కావున తెలుగు ఉత్తరములను మామూలు యాపునందే చదువుకొని, ధనమును గూర్చి వచ్చు అనుమానపు ఉత్తరములను మట్‌లో పరీక్షించుట యుక్తము. మొదట అమర్చుట కొంత శ్రమ. తెలిసిన మనుమనిచే చేయించుకొనవచ్చును. జీమెయిలు గలవారు తమ అసలు పాస్‌వర్డును అందు వ్రాయింపక, యాపు పాస్‌వర్డు అనుదానిని వేరుగా పుట్టించుకొనవలెను. ఫోను పోయినచో దాని నొక్కదానినే రద్దుచేయవచ్చును.

ముద్ర సరియైనంత మాత్రమున మాట సత్యము కాదు. అనుమానము కలిగినచో బ్యాంకునకు స్వయముగా పోయి యడుగుడు. ధనము పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయుడు. ముద్ర చూడక యే యుత్తరమును నమ్మకుడు.