యంత్రం కొనే ముందు కూర్చుని మాట్లాడుకుందాం
(సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తూకం, వెన్న పరీక్ష, లెక్క, బ్యాంకు చెల్లింపు అన్నీ ఒక్కచోట చేసే కంప్యూటరు కావాలని చాలా సంఘాలు అడుగుతున్నాయి. సంతోషమే. అయితే చర్చ అంతా ఏ కంపెనీది, ఎంతకు వస్తుంది అన్న దగ్గరే ఆగిపోతోంది. తెల్లవారుజామున మన కేంద్రంలో అసలు ఏం జరుగుతుందో ఆ ప్రోగ్రాము రాసేవారికి చెప్పేదెవరు? ఈ మాటే మీకు మనవి చేయదలిచాము.

గుజరాత్‌లోని ఆనంద్ ప్రాంతపు సంఘాలలో 1990ల దశకంలోనే ఈ యంత్రాలు వచ్చాయి. అంతకుముందు అక్కడా కొలపాత్రతో కొలిచి, నమూనా తీసి, గెర్బర్ పద్ధతిలో పరీక్షించి, కొన్నాళ్లకు డబ్బు ఇచ్చేవారు. గంధకామ్లం 10 మి.లీ., పాలు 10.75 మి.లీ., ఎమైల్ ఆల్కహాలు 1 మి.లీ. పోసి తిప్పే ఆ పని మన పాత పరీక్షకులకు నిద్రలో లేపినా వచ్చు. యంత్రం వచ్చాక బరువు, వెన్న శాతం, ధర అక్కడికక్కడే చీటీ మీద అచ్చయి సభ్యుని చేతికి వచ్చాయి.

ఇక మన చిక్కు చూడండి. రేటు పట్టిక లీటరుకు ఉంటుంది, తక్కెడ కిలోలు చూపుతుంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. పది లీటర్లు పోసిన సభ్యురాలి పాలు 10 కిలోల 300 గ్రాములన్నమాట. ఈ సంగతి తెలియని ప్రోగ్రామరు కిలోలకే లీటరు రేటు కట్టివేస్తే, రోజుకు 500 లీటర్లు సేకరించే సంఘం 15 లీటర్ల ధర అదనంగా చెల్లిస్తుంది. పట్టిక కిలోకు ఉండి, యంత్రం లీటర్లుగా మార్చి లెక్క కడితే నష్టం సభ్యులది. ప్రోగ్రామరుకు పాల సంగతి తెలియదు, కార్యదర్శిని ఎవరూ అడగలేదు. తీరా గొడవ మాత్రం కేంద్రం గుమ్మంలోనే జరుగుతుంది.

వెన్న 3.55 వస్తే చీటీలో 3.5 వేయాలా, 3.6 వేయాలా? చిన్న విషయమే గాని రెండు పూటలా, ఏడాది పొడవునా జరిగేది. ఇది కంపెనీవారు తేల్చే విషయం కాదు. పాలకవర్గం తీర్మానించి మినిట్సులో రాయాలి.

కనుక ఇంజనీరు గారిని కాఫీ ఇచ్చి పంపివేయకండి. రెండు మూడు రోజులు రెండు పూటలా వరుస పక్కన నిలబెట్టండి. ఆవు పాలకూ గేదె పాలకూ పరీక్ష యంత్రం అమరిక వేరని పరీక్షకుడు చెబుతాడు. (పుంగనూరు ఆవును ఇంకా సాకుతున్నవారుంటే వారి మాటా వినాలి.) ఒకే ఊరిలో నలుగురు లక్ష్మమ్మలుంటారని కార్యదర్శి చెబుతాడు. కుప్పం వైపు సంఘాలైతే చీటీ తమిళంలోనో కన్నడంలోనో కావాలనవచ్చు. కరెంటు పోయిన పూట పుస్తకంలో రాసిన లెక్కను తరువాత ఎవరు ఎక్కించాలి, ఎవరి ఎదుట ఎక్కించాలి? దాణా బాకీ ఏ రోజు పట్టాలి? ఇవన్నీ యంత్రం కొనకముందే కాగితం మీదికి రావాలి.

చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. నమ్మకం ఒకసారి చెదిరితే ఏమవుతుందో ఈ జిల్లాకు మేము చెప్పనక్కరలేదు. 2014లో తిరుపతిలో సభ్యులందరూ మహిళలే అయిన శ్రీజ పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. పాలు పితికేది, కేంద్రానికి మోసేది చాలా ఇళ్లలో ఆడవారే. అటువంటప్పుడు యంత్రం గురించిన సమావేశంలో వారు లేకపోవడం మాకు బొత్తిగా నచ్చని సంగతి. కనీసం ఇద్దరు సభ్యురాళ్లను పిలవండి. చీటీ చదవలేని ఒకరిని కూడా పిలిస్తే మరీ మంచిది. చీటీ ఎలా ఉండాలో ఆమె అడిగే ప్రశ్నలే తేలుస్తాయి.

యంత్రం బిగించాక నెల రోజులు పాత పుస్తకం మానవద్దు. రోజుకు పది నమూనాలు గెర్బర్ పద్ధతిలోనూ చూసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసి గోడకు అంటించండి. తేడా కనబడితే సరిచేసేవరకు కంపెనీకి ఆఖరి వాయిదా ఆపండి.

వచ్చే సమావేశానికి ప్రతి సంఘం తన రేటు పట్టిక, ఒక రోజు పాల పుస్తకం, గత నెలలో సభ్యులు చేసిన ఫిర్యాదుల కాగితం తీసుకురావాలని కోరుతున్నాము. పట్టిక కిలోకా, లీటరుకా అన్నది పైన ఎర్ర సిరాతో రాసి తెండి.