పసిబిడ్డ తల మీద గడ్డ



పసిబిడ్డ మాడు మెత్తగా ఉంటుంది. అది మామూలే. కాన్పులో వచ్చిన వాపు కూడా చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ గట్టిగా ఉండి, రోజురోజుకూ పెరిగే గడ్డ వేరు.

అలాంటి వాటిలో నల్ల కణితి ఒకటి. చాలా అరుదు. ఏడాది లోపు బిడ్డలకే ఎక్కువగా వస్తుంది. పైదవడకు ఎక్కువ, పుర్రెకు తక్కువ. 1918లో క్రోంపెకర్ అనే డాక్టరు దీన్ని గురించి రాశాడు. మన చర్మానికి, వెంట్రుకలకు నలుపునిచ్చే పదార్థమే అందులోనూ ఉంటుంది. అందుకే ఆ రంగు. అది దిష్టి కాదు, గ్రహణం కాదు, తల్లి తప్పూ కాదు.

చాలామంది బిడ్డల్లో ఇది క్యాన్సర్ కాదు. అయినా త్వరగా పెరిగి ఎముకను తినేస్తుంది. పసరు కట్టినా, వాత పెట్టినా కరగదు. బిడ్డకు పుండు మిగులుతుంది.

దీనికి వైద్యం ఆపరేషనే. ముందు స్కానింగ్ తీస్తారు. మత్తిచ్చి గడ్డను, అది పట్టిన ఎముకను తీస్తారు. ముక్కను పరీక్షకు పంపుతారు. కొందరికి మళ్లీ వస్తుంది. అందుకే గాయం మానినా చూపించుకుంటూ ఉండాలి.

శెనక్కాయలు పీకడం అయ్యాక పోదాంలే అని ఆగొద్దమ్మా. అనంతపురం పెద్దాసుపత్రిలో వెంటనే చూపించండి. మళ్లీ రమ్మన్న తేదీ చీటీ మీద రాస్తారు. ఆ తేదీ చదవడం ఇప్పుడు మనకు వచ్చు కదా!