పరీక్షకూ రిపోర్టుకూ మధ్య

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో నలుగురు సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



మేం నలుగురం వేరువేరు ఊళ్ల సంఘాల వాళ్లం. మాలో ముగ్గురికి రొమ్ము క్యాన్సర్, ఒకరికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. వైద్యం పూర్తయింది. జబ్బు ఆనవాళ్లు కనబడటం లేదని డాక్టర్లు చెప్పారు. దీన్నే రెమిషన్ అంటారు. వైద్యం జరిగేటప్పుడు మీరంతా వచ్చి చూశారు. అది అయ్యాక మా రోజులు ఎలా నడుస్తున్నాయో ఈ రోజు చెప్పుకుంటాం.

చేలో కలుపు తీశాక కూడా తుంగ గడ్డ ఎక్కడన్నా మిగిలిందేమోనని మళ్లీ మళ్లీ చూసుకుంటాం కదా, మా పరీక్షలూ అలాంటివే. మామూలుగా మొదటి 2, 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి రమ్మంటారు. తర్వాత 5 ఏళ్లు నిండేదాకా 6 నెలలకో, ఏడాదికో ఒకసారి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఏడాదికోసారి మామోగ్రామ్ తీస్తారు. కొందరు 5 నుంచి 10 ఏళ్లు మాత్రలు వేసుకోవాలి.

పరీక్ష ఒక్క పూటలో అయిపోతుంది. రిపోర్టు వచ్చేదాకా ఉండే రోజులే కష్టం. నడుం నొప్పి పుడితే నాట్లు వేసినందుకా, జబ్బు తిరగబెట్టిందా తెలియదు. ఫోను మోగితే గుండె దడ. లోను తీసుకుందామన్నా, పిల్ల పెళ్లి మాట వచ్చినా "రిపోర్టు రానీ" అంటాం. ఇంట్లోవాళ్లు భయపడతారని వాళ్ల ముందు మామూలుగానే తిరుగుతాం.

ఈ భయం పడలేక కొందరు వెళ్లడమే మానేస్తారు. "బాగానే ఉన్నాను కదా, ఎందుకు తవ్వించుకోవడం" అంటారు. దానికి తోడు బస్సు ఛార్జీలు, పోయే కూలి, తోడొచ్చేవాళ్ల కూలి. అక్కా, బాగున్నప్పుడు చూపించుకోవడానికే ఆ తేదీ ఇస్తారు. తిరగబెట్టినా ముందుగా తెలిస్తే చేయగలిగింది ఎక్కువ ఉంటుంది. కొత్తగా గడ్డ తగిలినా, రక్తం పోయినా, తగ్గని దగ్గు గానీ ఎముకల నొప్పి గానీ ఉన్నా, తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి.

సంఘాలను మేం అడిగేవి నాలుగే.

ఒకటి, మాలాంటి సభ్యురాలు ఒప్పుకుంటే ఆమె పరీక్ష తేదీ ఇంకొక సభ్యురాలు గుర్తుపెట్టుకోవాలి. ఊరందరికీ తెలియనక్కర్లేదు.

రెండు, తోడు వెళ్లేవాళ్లు లేకపోతే సంఘం నుంచి ఒకరు వెళ్లాలి. రిపోర్టు తెచ్చుకునే రోజు కూడా.

మూడు, ఆ నెల దారి ఖర్చులకు సంఘం సొంత నిధి నుంచి చిన్న అప్పు ఇచ్చేలా ముందే తీర్మానం రాసుకోవాలి. అప్పటికప్పుడు చేయి చాచాలంటే ఎవరికైనా నామోషీగా ఉంటుంది.

నాలుగు, "ఏమొచ్చింది, ఏమొచ్చింది" అని అడగొద్దు. ఆమే చెబుతుంది. "నీకేం కాదులే" అని మాట తుంచేయొద్దు, చెప్పుకుంటే వినండి. ఇది అంటుజబ్బు కాదు, పక్కన కూర్చోండి, కలిసి తినండి. పొదుపు లెక్క రాయమని పుస్తకం చేతికివ్వండి. పనిలో పడితే ఆ పూట గడుస్తుంది.

మన పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పకుండా సమావేశం కావడం. పరీక్షలకు కూడా అదే సూత్రం పెట్టుకున్నాం.

మా నలుగురిలో ఇద్దరి రిపోర్టులు ఇంకా రాలేదు. వచ్చే వారం ఇస్తామన్నారు. అందులో ఏముంటుందో మాకూ తెలియదు. ఏమొచ్చినా వచ్చే నెల మా సంఘాల సమావేశాలకు వస్తాం, మా పొదుపు కడతాం. మా చోటు మాకు ఉంచండి.

సెలవు.