గాలం కన్నా ముందు మోటారు
(సభల రెండవ రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాలులో అవధానం, పై అంతస్తులో వ్యాపార సదస్సు, కింద భోజనాల వరుస. ఇవన్నీ వదులుకుని చేపల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, మీ గరాజుల్లో ఇప్పటికే గాలపు కర్రలు ఉండి ఉండాలి. లేదా కొనుక్కోవడానికి ఇంట్లో అనుమతి దొరక్క, నా చేత సిఫారసు చేయించుకుందామని వచ్చి ఉండాలి. ఆ రెండో పని మాత్రం నా వల్ల కాదు.

నేను ఉండేది డాలస్ పక్కన. మావైపు లూయిస్‌విల్, రే హబ్బర్డ్, రే రాబర్ట్స్ వంటి సరస్సులున్నాయి. తూర్పుగా కారులో గంటన్నర వెళితే లేక్ ఫోర్క్ వస్తుంది. ఈమధ్య ఏ బోటు ర్యాంపు దగ్గర నిలబడ్డా తెలుగు వినబడుతోంది. సంతోషమే. కానీ ఒక విషయం గమనించాను. మనవాళ్లు ఎరల పెట్టె మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు కూడా బోటు మోటారు మీద పెట్టరు. చేప తప్పిపోతే వచ్చే శనివారం మళ్లీ ప్రయత్నించవచ్చు. చీకటి పడే వేళ, ఎదురుగాలిలో, ఈత రాని అమ్మానాన్నలను కూర్చోబెట్టుకున్న బోటు మోటారు నడి సరస్సులో ఆగిపోతే వచ్చే శనివారం గురించి ఆలోచించే తీరిక ఉండదు. అందుకని ఈరోజు గాలం సంగతి సగం, మోటారు సంగతి సగం చెబుతాను.

ముందు చేప. మనం పట్టే లార్జ్‌మౌత్ బాస్ పేరుకు తగ్గట్టే పెద్ద నోటి చేప. తరుముకుంటూ తిరిగే రకం కాదు, పొంచి ఉండి కాటేసే రకం. నీట మునిగిన చెట్టు మొద్దు, నాచు గుబురు, పడవల రేవు నీడ దీని స్థావరాలు. మనకు తెలిసిన చేపల్లో దీని స్వభావానికి దగ్గరైనది కొర్రమీను. అదీ తుంగలో, గుర్రపుడెక్క కింద పొంచి ఉంటుంది. అదీ తన పిల్లలకు కాపలా కాస్తుంది. ఊళ్లో కప్పను ఎరగా కట్టి కొర్రమీనును పట్టిన వారెవరైనా ఇక్కడ ఉంటే, వారికి బాస్ విద్య సగం వచ్చేసినట్టే. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. అయితే దాన్ని ఇక్కడికి తెచ్చి పెంచుకుందామని మాత్రం కలలో కూడా అనుకోకండి. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో దాని బంధువొకటి బయటపడి పెద్ద గొడవైంది. ఆ ఏడాదే ఆ జాతి మొత్తాన్నీ ప్రాణంతో దిగుమతి చేసుకోవడాన్ని ఫెడరల్ ప్రభుత్వం నిషేధించింది.

బాస్ చేపకు ఈ దేశంలో ఉన్న గౌరవం ఎంతటిదంటే, 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే రైతు పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా అంతకంటే ఔన్సులోపు ఎక్కువ తూగిన చేపను పట్టాడు. పాత రికార్డు చెరిగిపోవాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ ఉండాలన్నది నియమం. అందుకని ఇద్దరినీ సమానమన్నారు. టెక్సస్ రికార్డు 18.18 పౌండ్లు, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడింది.

ఇక సామాను. దుకాణంలో కనిపించే ఎరలన్నీ చేపను పట్టడానికే కాదు, సగం మనల్ని పట్టడానికి. కొత్తవారికి ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్డు ఒకటి, దానికి తగ్గ రీలు, 10 పౌండ్ల లైను చాలు. నాచులో, మొద్దుల మధ్య కప్ప ఎర వేయాలంటే మాత్రం గట్టి రాడ్డు, 50 పౌండ్ల అల్లిక లైను కావాలి. ముడి ఒక్కటే నేర్చుకోండి, పాలోమార్ ముడి. బిగించే ముందు నోటి తడితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లైను బలహీనపడుతుంది.

ఎరలు నాలుగు. మొదటిది ప్లాస్టిక్ వానపాము. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేసిన ఈ ఎరకు ఇప్పటికీ సాటి లేదు. దీన్ని టెక్సస్ రిగ్ పద్ధతిలో కట్టాలి. ముందు తూటా ఆకారపు చిన్న బరువు, తరువాత కొక్కెం. కొక్కెం మొన బయటికి రాకుండా వానపాము ఒంట్లోనే దాచాలి. అప్పుడు మొద్దుల మధ్య వేసినా చిక్కుకోదు. రెండోది తళుకు రేకులు తిరిగే స్పిన్నర్‌బెయిట్, గాలి వీచి నీళ్లు కాస్త మసగ్గా ఉన్నప్పుడు. మూడోది బోలు కప్ప, నాచు మీద నడిపించడానికి. నాలుగోది నీళ్లలోకి మునిగి ఈదే క్రాంక్‌బెయిట్, చేప ఎక్కడుందో వెతకడానికి.

ఎర కన్నా నీటి వేడి ముఖ్యం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీళ్లు 55 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే బాస్ లోతు నుంచి గట్టువైపు కదులుతుంది. 60 దాటాక లోతు తక్కువ నీళ్లలో గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. కాపలా మగచేపది. దాన్ని పట్టుకుంటే వెంటనే అక్కడే వదలండి. అది లేని నాలుగు నిమిషాల్లో చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. మండు వేసవిలో తెల్లవారుజామున పైనీటి ఎర, పొద్దెక్కాక లోతులో వానపాము. శరదృతువులో షాడ్ అనే చిన్న చేపలు వాగుల మొదళ్లకు చేరతాయి. వాటి వెనకే బాస్ వస్తుంది, దాని వెనక మనం స్పిన్నర్‌బెయిట్‌తో వెళ్లాలి. చలికాలంలో చేపకు ఆకలి తక్కువ, మనకు ఓపిక ఎక్కువ ఉండాలి. ఎర ఎంత నెమ్మదిగా కదిపితే అంత మంచిది.

వానపాము ఎరను చేప అందుకున్నప్పుడు లైను మీద ‘టక్’మని వేలితో తట్టినట్టుంటుంది. రాడ్డు కాస్త దించి, వదులు చుట్టి, అప్పుడు లాగాలి. కప్ప ఎర మీద నీళ్లు చిమ్మగానే లాగితే ఎర మన మొహానికి వస్తుంది. ఒక్క క్షణం ఆగి, బరువు తెలిశాక లాగండి.

పట్టిన చేపను తిరిగి వదలడం ఇక్కడి సంప్రదాయం. రే స్కాట్ అనే ఆయన బాస్ పోటీలకు శ్రీకారం చుట్టి, 1970ల తొలినాళ్లలో చేపను చంపకుండా వదలాలన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు పౌండ్ల బాస్‌ను నేను నీళ్లలోకి వదులుతుంటే చూసి, “ఏరా, పెట్రోలు పోయించి, పొద్దున్నే నిద్ర లేపి, ఇంత దూరం తెచ్చింది దాని మొహం చూసి పంపించడానికా?” అన్నారు. “అవును నాన్నగారూ” అన్నాను. “మీ అమ్మకు చెప్పకు” అన్నారు. పులుసు కావాలంటే క్యాట్‌ఫిష్, క్రాపీ ఉన్నాయి. బాసే తినాలనుకుంటే ఆ సరస్సు కొలత నియమాలు చూసుకోండి. కాడో వంటి కొన్ని తూర్పు టెక్సస్ సరస్సుల చేపల్లో పాదరసం గురించి రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరికలున్నాయి. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇది తప్పక చూడాలి. లైసెన్సు సంగతి కూడా మరవకండి. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్లు సరదాకి రాడ్డు పట్టుకున్నా లైసెన్సు కావాలి, ఒక్కరోజుకూ ఇస్తారు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డున నిలబడి గాలం వేస్తే లైసెన్సు అక్కర్లేదు. పెద్దవాళ్లకు, పిల్లలకు అంతకన్నా మంచి మొదలు లేదు.

ఇప్పుడు మోటారు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ శ్రద్ధ కోరే మనిషి ఇదే. మన బోట్లకు ఎక్కువగా ఉండేవి వెనక తగిలించే ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డులు. వాటికి నాలుగు విషయాలు చాలు: పెట్రోలు, నీళ్లు, నూనె, కరెంటు.

పెట్రోలు. బంకుల్లో దొరికేదాంట్లో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే నీళ్లు కలిసిన ఇథనాల్ విడిపోయి ట్యాంకు అడుక్కు చేరుతుంది. ఇంజను మొదట పీల్చేది ఆ అడుగునుంచే. వాడకం లేని నెలలకు స్టెబిలైజర్ కలిపి, పది నిమిషాలు ఇంజను నడిపి, ఆ మందు లోపలిదాకా చేరనివ్వండి. నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఏటా మార్చండి. 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు చాలా బంకుల్లో 88 నంబరుతో, తక్కువ ధరకు దొరుకుతుంది. బోటు ఇంజన్లలో దాని వాడకం చట్టవిరుద్ధం. దాని జోలికి పోకండి.

నీళ్లు. ఇంజను చల్లబడేది సరస్సు నీళ్లతోనే. లోపల ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం ఆ నీళ్లు తోడుతుంది. ఇంజను నడుస్తుంటే పక్కన సన్నని ధార పడుతూ ఉండాలి. బోటు కదిలాక మొదట చూడవలసింది ఆ ధారను. ఆగితే ఆ క్షణమే ఇంజను ఆపండి. నీళ్లు పీల్చే జల్లెడకు నాచో ప్లాస్టిక్ సంచో అడ్డుపడిందేమో చూడండి. కందిరీగ మట్టిగూడు పెట్టి ధార రంధ్రం మూసుకుపోయిందేమో, సన్నని లైను ముక్కతో పొడిచి చూడండి. ఇంపెల్లరును రెండు మూడేళ్లకొకసారి మార్చాలి. ఇంటి దగ్గర ఇంజను నడపాలంటే నీళ్ల గొట్టం తగిలించకుండా ఒక్క నిమిషం కూడా నడపకూడదు, ఆ రబ్బరు కాలిపోతుంది.

నూనె. ఇంజను ఆయిలు 100 గంటలకో ఏడాదికో, ఏది ముందైతే దానికి మార్చాలి. కింద గేర్ల పెట్టెలో ఉండే నూనె వేరు. దాన్ని దించినప్పుడు రంగు చూడండి. పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు వచ్చాయని అర్థం, సీలు పోయింది. చాలాసార్లు దానికి కారణం మన గాలం దారమే. తెగిన లైను ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని సీలును కోసేస్తుంది. అందుకే అప్పుడప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి చూడాలి. కొత్త గేరు నూనెను కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. అప్పుడే లోపల గాలి మిగలదు.

కరెంటు. ట్రోలింగ్ మోటారు బ్యాటరీని ఇంటికి రాగానే ఆ రాత్రే చార్జింగు పెట్టండి. సీసం బ్యాటరీ ఖాళీగా వారం ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియంకు మారితే చార్జరు కూడా దానికి సరిపోయేదే ఉండాలి.

సరస్సు విడిచేముందు బోటులోని నీళ్లన్నీ వంచేయండి. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మసెల్ అనే చిన్న గవ్వలు కనబడ్డాయి. ఇవి గొట్టాల్లో పేరుకుని ఇంజను చల్లబడే దారిని మూసేస్తాయి. 2014 నుంచి టెక్సస్ అంతటా నీళ్లు ఖాళీ చేయడం చట్టం. ఇంటికొచ్చి ఇంజనును నిటారుగా నిలపండి, నీళ్లు దిగిపోతాయి. లేకపోతే గడ్డకట్టే రాత్రి అవే ఇంజనును పగలగొడతాయి.

ఇంత చేసినా యంత్రం యంత్రమే, ఏదో ఒక రోజు ఆగుతుంది. ఆ రోజు కోసం చివరి మాట. ఇక్కడి సరస్సుల్లో మన విద్యార్థులు, మన కుటుంబాల వాళ్లు మునిగిపోయిన వార్తలు మనమందరం చదివాం, చందాలూ వేశాం. కోస్ట్ గార్డ్ లెక్కల్లో బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో 10 మందిలో 8 మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివారే. టెక్సస్‌లో 13 ఏళ్లలోపు పిల్లలకు కదిలే చిన్న బోటులో అది తప్పనిసరి. మా బోటులో అరవై ఏళ్లు దాటినవారికీ తప్పనిసరే, ఆ చట్టం మా ఇంటిది. “ఉక్కగా ఉందిరా” అంటే గట్టునే కూర్చోమంటాం. నడిపేవారు ఇంజను ఆపే కిల్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవాలి. టెక్సస్‌లో 2019 నుంచి, దేశమంతటా 2021 ఏప్రిల్ నుంచి చిన్న బోట్లకు ఇది చట్టం. నడిపే మనిషి నీళ్లలో పడితే బోటు గుండ్రంగా తిరిగి ఆయన మీదికే వస్తుంది, అందుకు. నీళ్లలో ఉన్నవారిని ఎక్కించుకునేటప్పుడు ఇంజను ఆపండి. లంగరు ముందువైపు నుంచే వేయండి, వెనకనుంచి వేస్తే అల నేరుగా బోటులోకి వస్తుంది. ఏ సరస్సుకు వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ర్యాంపు దగ్గర బోటు దించేముందు ఇవి చూసుకోండి: అడుగు బిరడా బిగించామా, జాకెట్లు ఒంటి మీదున్నాయా, కిల్ స్విచ్ తాడు తగిలించామా. నీళ్లలోకి దిగాక ధార పడుతోందా. ఇవన్నీ కలిపి రెండు నిమిషాల పని. ఆ తరువాత ఏ ఎర వేయాలో తీరిగ్గా వాదించుకోవచ్చు. ఆ వాదన తెలుగులో చేసుకుంటే మరీ రుచిగా ఉంటుంది.

ప్రశ్నలుంటే భోజనాల వరుసలో అడగండి. అక్కడ చేపల పులుసు ఉందట, నేనూ అటే వెళుతున్నాను. సెలవు.