బ్యారెల్ కింద సన్నని గీత

పట్టాలు అందుకుంటున్న మీతో మాట్లాడటానికి నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పదలుచుకున్నది ఒక్కటే.

రాబోయే ఇరవై ఏళ్లలో ఏ రంగం వెలుగుతుందో, ఏ ఉద్యోగం నిలుస్తుందో నేను చెప్పబోవడం లేదు. నా వృత్తి విరిగిన వస్తువులను చూడటం. వరంగల్ ఆర్‌ఈసీలో మెటలర్జీ చదివి, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక చిన్న పరీక్షా ప్రయోగశాలలో చేరాను. పంపు షాఫ్టులు, బాయిలర్ ట్యూబులు, నిచ్చెనలు, సైకిల్ ఫోర్కులు, ఏది విరిగినా మా బల్ల మీదికి వచ్చేది. ఎందుకు విరిగిందో మేం తేల్చాలి. ఆ ప్రాంతం కనెక్టికట్ నది లోయ. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్మిత్ అండ్ వెసన్, దానికి దిగువన హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్ తరతరాలుగా తుపాకులు తయారుచేసిన చోటు. అందుకని మాకు అప్పుడప్పుడు తుపాకులూ వచ్చేవి. పట్టాలు పుచ్చుకునే రోజున ఆయుధాల ప్రస్తావన ఎందుకని పెద్దలు అనుకోవచ్చు. లోహం ఎలా ప్రవర్తిస్తుందో, పగిలిన లోహం ముందు మనిషి ఎలా ప్రవర్తిస్తాడో నాకు ఒక పాత రివాల్వర్‌లోనే అన్నిటికన్నా స్పష్టంగా కనబడింది.

ముందు దాని పుట్టుక చెప్పాలి. 1950లో కోల్ట్ 'కోబ్రా' అనే రివాల్వర్ తెచ్చింది. దాని ఫ్రేమ్ ఉక్కుది కాదు, అల్యూమినియం మిశ్రలోహానిది. రెండేళ్లకు స్మిత్ అండ్ వెసన్ 'ఎయిర్‌వెయిట్' పేరుతో అదే దారి పట్టింది. అల్యూమినియం సాంద్రత ఉక్కులో దాదాపు మూడోవంతే. అర కిలో దాటే తుపాకీ నాలుగు వందల గ్రాముల దరిదాపులకు దిగింది. కోటు కింద రోజంతా మోయాల్సిన మఫ్టీ పోలీసులకు అది పెద్ద వరం. అమెరికా వైమానిక దళం ఇంకో అడుగు ముందుకేసి, విమాన సిబ్బంది కోసం సిలిండర్ కూడా అల్యూమినియంతోనే చేయించుకుంది. ఎం-13 అని పేరు పెట్టింది. తూటా పేలేది సిలిండర్ గదిలోనే కదా, ఆ సిలిండర్లు పగలసాగాయి. ఒత్తిడి తగ్గించిన ఎం-41 తూటాను ప్రత్యేకంగా ఇచ్చారు. అయినా నమ్మకం కుదరలేదు. ఆ దశాబ్దం ముగిసేలోగా వాటిని వెనక్కి తీసుకుని చాలావరకు ధ్వంసం చేశారు. ఆ నిర్ణయం తీసుకున్న అధికారులంటే నాకు ఎనలేని గౌరవం. డబ్బు పోసి చేయించుకున్న వస్తువును 'ఇది పనికిరాదు' అని రాతపూర్వకంగా ఒప్పుకోవడం ఏ ఆఫీసులోనైనా కష్టమే.

కంపెనీలు సిలిండర్‌ను మళ్లీ ఉక్కుతో చేశాయి. ఫ్రేమ్ మాత్రం అల్యూమినియంగానే ఉండిపోయింది. దానిలో ఒక బలహీనమైన చోటు ఉంది. సిలిండర్‌ను పక్కకు తెరిచి చూడండి. బ్యారెల్ మరలతో ఫ్రేమ్‌లోకి దిగే చోట, సరిగ్గా దాని కింద, లోహం చాలా పలచగా ఉంటుంది. సిలిండర్‌ను మోసే చేయి కదలడానికి అక్కడ చోటు వదలాలి కాబట్టి లోహాన్ని తీసేస్తారు. బ్యారెల్‌ను గట్టిగా బిగించినప్పుడు ఆ పలచటి పట్టీ లాగుడుకు లోనవుతుంది. కమ్మరి కాల్చి ఎక్కించిన ఇనుప పట్టా చల్లారాక బండి చక్రం చుట్టూ ఎలా బిగుసుకుని ఉంటుందో అలాంటి లాగుడు. ఒక్క తూటా కూడా కాల్చక ముందే అది పనిచేస్తూ ఉంటుంది. ఆపైన ప్రతి తూటా ఒక దెబ్బ. పగులు చాలాసార్లు అక్కడే, బ్యారెల్ మర నుంచి కిందికి, వెంట్రుకంత సన్నగా మొదలవుతుంది. కొన్ని గట్టి అల్యూమినియం మిశ్రలోహాల్లోనైతే ఎడతెగని లాగుడుకు తేమ తోడైతే చాలు, పగులు పాకుతుంది. 'మేం కాల్చనే లేదు, డ్రాయర్‌లో పెట్టాం' అన్నవాళ్ల చేతుల్లో కూడా బీట తీసిన ఫ్రేములు ఉండేది అందుకే.

ఫెటీగ్ గురించి, అంటే పదేపదే పడే బరువుకు లోహం అలసి పగలడం గురించి, మీ మాస్టార్లు పాఠం చెప్పే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద చేసిన ప్రయోగాలు మీ పుస్తకాల్లో ఉన్నాయి. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోపల ఎన్నిసార్లు బరువు పడ్డా అది తట్టుకుంటుందని లెక్కగడతాం. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న దెబ్బయినా సరే, లెక్కలో పడుతుంది. ఈ తేడాను చూపే గ్రాఫును పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు మీలో వందమంది ఉంటారు. అదే గ్రాఫును ఒక మనిషి చేతిలోని వస్తువులో చూడగలిగినవాళ్లు ఎందరో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఒకరోజు ఒక మధ్యవయసు స్త్రీ మా ప్రయోగశాలకు వచ్చింది. తండ్రి రిటైరైన డిటెక్టివ్, అప్పటికి చనిపోయాడు. ఆయన సర్వీసంతా నడుము దగ్గర మోసిన తేలిక రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆయన జ్ఞాపకంగా ఏడాదికొకసారి షూటింగ్ రేంజికి వెళ్లి కాల్చాలని ఆమె కోరిక. తుడుస్తుంటే బ్యారెల్ కింద ఒక గీత కనబడిందట. గీరుడో, పగులో చెప్పమంది.

డై పెనెట్రెంట్ టెస్ట్, అదే డీపీ టెస్ట్, చేశాం. మీకు తెలిసిందే. శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు పూసి, ఆగి, పైరంగు తుడిచేసి, తెల్ల డెవలపర్ చల్లాలి. పగులుంటే లోపలికి ఇంకిన రంగు మళ్లీ పైకి ఊరుతుంది. నిమిషాల్లో ఆ తెల్లదనం మీద ఎర్ర గీత తేలింది. మర దగ్గర నుంచి పట్టీ అడుగుదాకా వెళ్లిపోయింది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అందరూ అడిగేదే అడిగింది. నాన్న ఇన్నాళ్లూ కాల్చాడు, ఏమీ కాలేదు కదా, ఇంకొక్కసారి కాలిస్తే ఏమవుతుంది?

పక్కనే ఉన్న మా కుర్ర ఇంజనీరుకు జాలేసింది. మంచివాడు, తెలివైనవాడు. తక్కువ ఒత్తిడి తూటా వాడుకోమందామా, లేదంటే వెల్డింగ్ చేయిద్దామా అన్నాడు. అతణ్ణి పక్కకు తీసుకెళ్లి నేను చెప్పిందే మీకూ చెబుతాను. గట్టిదనం కోసం హీట్ ట్రీట్‌మెంట్ చేసిన అల్యూమినియాన్ని వెల్డ్ చేస్తే, ఆ వేడికి చుట్టుపక్కల లోహం తన బలాన్ని వదిలేసుకుంటుంది. కొన్ని మిశ్రలోహాలు వెల్డింగ్‌లోనే మళ్లీ పగులుతాయి. ఫ్రేమ్ వెంట్రుకవాసి వంగినా సిలిండర్ గదికీ బ్యారెల్‌కూ వరస తప్పుతుంది. విమానాల రేకుల్లో పగులు కొసన రంధ్రం వేసి ఆపినట్టు ఇక్కడ ఆపడానికి ఆ పట్టీలో చోటే లేదు. ఎం-సీల్ లాంటి ముద్ద పూయడమంటే కళ్లకు గంతలు కట్టడమే. ఇక తూటా సంగతి. ఆ తుపాకీలో వాడే మామూలు .38 స్పెషల్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి 17,000 పీఎస్ఐ, 'ప్లస్ పి' రకానికి 20,000. పాత తేలిక ఫ్రేములను ఆ రెండోదాని కోసం చేయలేదు. తక్కువదే వాడమని మనం చెప్పినా, ఆ తుపాకీలో రేపు ఏ తూటా పెడతారో మన చేతుల్లో ఉండదు.

కొత్త ఫ్రేమ్ వేయించుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం ఫ్రేమే తుపాకీ. సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. ఫ్రేమ్ మార్చడమంటే చట్టం దృష్టిలో ఇంకో తుపాకీ కొనడమే. పైగా ఆ కాలపు ఫ్రేములు ఇప్పుడు తయారు కావు. బ్యారెల్, సిలిండర్, లోపలి స్ప్రింగులు బాగుంటే విడిభాగాలుగా వాడుకోవచ్చు. ఫ్రేమ్ మాత్రం ఇక కాల్చడానికి పనికిరాదు.

ఆమెకు అదే చెప్పాం. అమ్మదలిస్తే పగులు సంగతి కొనేవాళ్లకు చెప్పి అమ్మమన్నాం. ఆమె అమ్మలేదు. నేను రిపోర్టుతో పాటు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'ఫ్రేమ్ పగిలింది, కాల్చవద్దు' అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ట్రిగ్గర్ గార్డుకు దారంతో కట్టాను. పెట్టెలో వేరే కాగితం పెడితే చాలదు, అది పోతుంది. ఆమెకు గుర్తుంటుంది, నిజమే. ఆమె తర్వాత ఆ డ్రాయర్ తెరిచే మనవడికి ఎవరు చెబుతారు?

పిల్లలూ, నన్ను ఇన్నేళ్లుగా బాధపెడుతున్నది ఇదే. పగులు దొరకడం కష్టం కాదు. దొరికినదాన్ని నోరు తెరిచి చెప్పడం కష్టం. 1988 ఏప్రిల్ 28న హవాయిలో హిలో నుంచి హోనొలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ విమానం పైకప్పు ఆకాశంలో ఊడిపోయింది. అదీ అల్యూమినియమే, అదీ ఫెటీగే, దానికి ఉప్పుగాలి తోడు. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎయిర్‌హోస్టెస్ ఒకామె గాలిలోకి కొట్టుకుపోయింది. విచారణలో తేలిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర విమానం ఒంటి మీద పగులును ఒక ప్రయాణికురాలు చూసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆమెను నేను నిందించను. ఆమె ఇంజనీరు కాదు. మీరు ఇంజనీర్లు! మనవాళ్లలో మొహమాటం ఎక్కువ. 'పెద్దాయన చేయించిన పని, నేనెలా తప్పు పట్టను', 'డెలివరీ రేపే, ఇప్పుడు చెబితే అందరికీ ఇబ్బంది', 'నాకెందుకు, క్యూసీ వాళ్లు చూసుకుంటారు'. ఈ మాటలు హైదరాబాద్‌లోనూ విన్నాను, విశాఖపట్నంలోనూ విన్నాను, మసాచుసెట్స్‌లోనూ విన్నాను. అన్నం తినకపోతే అమ్మ కోప్పడుతుందని భయపడండి, అర్థం చేసుకుంటాను. మేనేజర్ ముఖం మాడుతుందని భయపడి పగులు మీద పెయింట్ వేయిస్తే మాత్రం, పక్కన నేనుంటే చెవి మెలిపెడతాను. మిధానీలో చేరినా, డీఆర్‌డీవోలో చేరినా, ఊళ్లో ట్రాక్టర్ షెడ్డు పెట్టుకున్నా సరే. సందేహం ఉంటే ఆ వస్తువును పనిలోంచి తీసి పక్కన పెట్టండి. ట్యాగ్ కట్టండి. కాగితం మీద రాయండి. 'ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా' అని ఎవరైనా అంటే, ఆ ఇన్నాళ్లూ పగులు పెరుగుతూనే ఉందని వాళ్లకు విడమరిచి చెప్పండి. కోప్పడకుండా, ఓపిగ్గా చెప్పండి. ఎదుటి మనిషి ఆ వస్తువును ఎంతో ఇష్టంతో తెచ్చి ఉండవచ్చు.

ఇంకొక్కమాట చెప్పి దిగుతాను. పొద్దున మీ ప్రిన్సిపాల్ గారు ఆప్యాయంగా వర్క్‌షాపు చూపించారు. చైన్ బ్లాక్ వేలాడదీసిన బ్రాకెట్ దగ్గర, వెల్డింగ్ పక్కన, పెయింట్ మీద ఒక గీత ఉంది. పెయింట్ ఒక్కటే చిట్లిందో, అడుగున లోహమూ పగిలిందో కంటితో చెప్పలేను. నాలుగేళ్లు దాని కింద నిలబడి ఇంజన్లు ఎత్తినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఎవరో ఒకరు చూసే ఉంటారు. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను, ఆయన వెంటనే దాన్ని వాడకం నుంచి తీయించారు. భోజనాలయ్యాక పెయింట్ గీకి డీపీ టెస్ట్ చేద్దాం. కిట్ మెటలర్జీ ల్యాబులో ఉందట. గౌన్లు తిరిగిచ్చేసి, పాత చొక్కాలు వేసుకుని రండి. ఆ ఎర్ర రంగు ఉతికినా పోదు.