మందు బట్టలకే, ఒంటికి కాదు
వేసవిలో న్యూజెర్సీకో కనెక్టికట్‌కో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. అక్కడి అడవి బాటల పక్క గడ్డిలో పిడుదులుంటాయి. మన పశువులను పట్టే గోమార్లకు చుట్టాలే. పిల్ల పిడుదు గసగసాల గింజంత, కుట్టినా తెలియదు. లైమ్ అనే వ్యాధిని ఎక్కువగా అంటించేది అదే.

అందుకే అక్కడ బట్టలకు పెర్మెత్రిన్ అనే మందు కొడతారు. బట్టల కోసమే అమ్మే 0.5 శాతం మందే కొనండి. పొలం మందు తెచ్చి నీళ్లు కలుపుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు. బట్టలు ఒంటి మీదుండగా కొట్టకూడదు. ఆరుబయట దండెం మీద వేసి, గాలివాలు చూసుకుని, ప్యాంట్లు, మేజోళ్లు, బూట్లు తడిసేలా కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. లోదుస్తులకు వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, తడి మందు దాని ప్రాణానికే ముప్పు. ఎన్ని ఉతుకుల దాకా పనిచేస్తుందో డబ్బా మీదే ఉంటుంది, మామూలుగా ఆరు.

తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక వెతకండి. పిడుదు కరుచుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిటారుగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. విడిచిన పొడి బట్టలను డ్రయ్యర్‌లో బాగా వేడి మీద 10 నిమిషాలు తిప్పితే వాటిలో దాగినవి చస్తాయి.